మేడమీది పానశాల

విద్యార్థుల చేతికీ పెద్దల చేతికీ ఒకేసారి వెళ్ళే వార్షిక సంచికలో పానశాలను గూర్చి వ్యాసం వ్రాయబూనడం కొంత సాహసమే. పాత సంచికలు తిరగవేస్తే క్రమశిక్షణను గూర్చి, గ్రంథాలయాల ఆవశ్యకతను గూర్చి, ఉర్దూ గజలు వికాసాన్ని గూర్చి వ్యాసాలు కనిపిస్తాయి. వాటి సరసన ఈ శీర్షికను చూచి కమిటీ పెద్దలు కనుబొమలు ముడివేస్తే వారిని తప్పుపట్టలేను. అయినా ఏటేటా మన విద్యార్థులు కొందరు విశాఖపట్నానికో, హైదరాబాదుకో, బెంగుళూరుకో ఉద్యోగాల కొరకు పోతున్నారు. వారిలో పలువురు మొదటి జీతం అందిన నెలలోనే ఇట్టి మేడ ఒకటి ఎక్కుతున్నారు. కొందరు అక్కడ కూర్చోవడానికి ఎక్కుతున్నారు. కొందరు అక్కడ పళ్ళెం మోయడానికి ఎక్కుతున్నారు. మనం మాట్లాడనంత మాత్రాన ఆ మేడలు లేకుండా పోవు గదా.

నేను ఎక్కిన మేడ సంగతి ముందు చెబుతాను. నిరుడు చలికాలంలో ఒక పని మీద విశాఖ వెళ్ళి రెండు రాత్రులు ఉండవలసి వచ్చింది. మన కళాశాలలో చదివి వెళ్ళిన ఒక విద్యార్థి నేను వచ్చినట్లు ఎవరి ద్వారానో విని ఫోను చేశాడు. అతని తండ్రి సాలూరు లారీల మీద క్లీనరుగా మొదలుపెట్టి డ్రైవరైనవాడు. కొడుకును మాత్రం ఘాటు రోడ్డు ఎక్కనివ్వనని పట్టుబట్టి డిగ్రీ చదివించాడు. ఆ కుర్రవాడు సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక భవనంపైన, పబ్బు అని పిలిచే చోట పనిచేస్తున్నాడు. పేరు చెప్పను, చెప్పవలసిన అవసరమూ లేదు, అట్టివి అక్కడ అనేకం.

“తొమ్మిది దాటినాక రండి మాస్టారూ. మెట్ల కాడ నేనే ఉంటాను. మిమ్మల్ని ఎవులూ ఏటీ అడగరు” అన్నాడు.

ముందు ద్వారం నుండి కాక వెనుక మెట్ల నుండి తీసుకువెళ్ళాడు. అది నా అదృష్టమనే అనుకుంటాను. ముందు నుండి వెళ్ళినవారికి దీపాలు కనిపిస్తాయి. వెనుక నుండి వెళ్ళినవానికి మంచుగడ్డల బస్తాలు, ఉల్లిపాయ తొక్కలు, గాజు గ్లాసులు కడిగే స్త్రీల ఎర్రబారిన చేతులు కనిపిస్తాయి. వంటగది దాటి మేడపైకి వచ్చేసరికి ఒక్కసారిగా ఆకాశం తెరుచుకుంది. ఒకవైపు నల్లని సముద్రం, దూరాన లంగరు వేసిన ఓడల దీపాలు. మరొకవైపు నగరం. నడుమ నీలి వెలుగులో డెబ్బై ఎనభై మంది యువతీయువకులు. పాట చెవికి వినిపించడానికి ముందే గుండెకు తగులుతున్నది. ఒక మూల ఎవరిదో పుట్టినరోజు. మరొక మూల ఆఫీసు నుండి నేరుగా వచ్చినవారు, మెడలో గుర్తింపు కార్డులు తీయనివారు. పిట్టగోడ దగ్గర ఇద్దరు ఆడపిల్లలు ఏమీ తాగకుండా, ఏమీ మాట్లాడకుండా, సముద్రాన్ని చూస్తూ కూర్చున్నారు. గంటసేపు చూశాను. ఎవరూ వారి జోలికి పోలేదు. వారూ ఎవరికీ వెరవలేదు. నేను తయారుచేసుకొని వెళ్ళిన కోపం ఆ ఇద్దరు పిల్లల దగ్గర కొంత కరిగిందని ఒప్పుకోవాలి.

కరగని భాగమూ ఉంది. ఒక మంచినీటి సీసా ధరకు మన ఊరిలో ఇద్దరు కడుపునిండా భోజనం చేయవచ్చు. పదిన్నర తరువాత నవ్వులలో తేడా వచ్చింది. ఒక కుర్రవాడు పిట్టగోడ మీద వాలిపోతుంటే స్నేహితులు ఫోటోలు తీశారు. మన రాష్ట్రంలో ఇరవైఒక్క సంవత్సరాలు నిండనివారికి మద్యం అమ్మకూడదని చట్టం. వయస్సు అడిగినవారెవరూ నా కంటబడలేదు.

పన్నెండు దాటిన తరువాత మన విద్యార్థికి పది నిమిషాలు విరామం దొరికింది. నీళ్ళ ట్యాంకు ప్రక్కన నిలబడి మాట్లాడుకున్నాం. సాయంకాలం నాలుగింటికి వచ్చి రాత్రి రెండింటికి వెళతాడట. ఒక గదిలో ఆరుగురు. ఇంటికి మాత్రం ‘హోటల్లో ఉద్యోగం’ అని చెప్పాడు. కొంతసేపు ఊరి విషయాలు అడిగి, ఉన్నట్టుండి, “మాస్టారూ, నేను తాగను. ట్రే మోస్తాను, అంతే. ఈ జీతం హరామేనా?” అన్నాడు.

నేను తెలుగు చెప్పుకునేవాణ్ణి, ముఫ్తీని కాను. అతని తండ్రి వైద్యానికి ఆ జీతంలో నుండే డబ్బు వెళుతున్నదని అప్పుడే విన్నాను. ఏమీ అనలేకపోయాను. ఆ ప్రశ్నకు శాస్త్రం చెప్పగల పెద్దలు మన ఊరిలో ఉన్నారు. వారు జవాబుతో పాటు ఆ పిల్లవానికి మరొక పని కూడ చూపగలిగితే బాగుంటుందని మాత్రం నాకు తోచింది.

నా మౌనం చూచి అతడే మాట మార్చాడు. “మన కాలేజీ మేడ గుర్తుందా మాస్టారూ? అక్కడ మేడ దిగమన్నారు. ఇక్కడ మేడెక్కితే జీతమిస్తన్నారు.”

నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఎందుకో చివరన చెబుతాను.

పబ్బు అన్నది ఇంగ్లీషువారి ‘పబ్లిక్ హౌస్’ అన్న మాటకు కుదింపు; అంటే పదిమందికీ తెరచిన ఇల్లు. 1980లలో బెంగుళూరులో ఈ రకం పానశాలలు వెలసి ఆ నగరానికి ‘పబ్బుల నగరం’ అన్న పేరు తెచ్చాయి. హైదరాబాదు జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ కొండలు ఆ తరువాత అందుకున్నాయి. వస్తువు కొత్తదే గాని ఊహ మనకు కొత్తది కాదు. మన రెండు సాహిత్యాలలోనూ పానశాలకు పెద్దపీటే ఉంది. దువ్వూరి రామిరెడ్డి గారు పారశీకం నేర్చి ఉమర్ ఖయ్యాం రుబాయీలను తెలుగు చేసి ఆ కావ్యానికి పెట్టిన పేరే ‘పానశాల’. పిఠాపురానికి చెందిన సూఫీ కవి ఉమర్ అలీషా గారు కూడ ఖయ్యాంను తెలుగులోకి తెచ్చారు. తెలుగు మాట్లాడే ముస్లిము పండితుడు, పీఠాధిపతి, ఆ మధుపాత్రను తాకడానికి సంకోచించలేదు. ఉర్దూ గజలులో సాఖీ, జాము, మైఖానా లేని పుట అరుదు. అయితే మద్యాన్ని గూర్చి అంత మత్తుగా వ్రాసి, ఆ కవితాశాఖకు ఇమాముగా కీర్తి పొందిన రియాజ్ ఖైరాబాదీ జీవితంలో మద్యం ముట్టలేదని ఉర్దూ సాహిత్య చరిత్రకారులు చెబుతారు. ముట్టనివానికి ఆ మైఖానా ఎందుకు కావలసి వచ్చింది? కులగోత్రాలు అడగని చోటు, మందలింపు లేని చోటు, మనసు విప్పగల చోటు ఒకటి ఉండాలన్న కోరికకు ఆ కవులు పెట్టుకున్న పేరు మైఖానా అని నా అభిప్రాయం. మరొక ముచ్చట. ఖయ్యాం వృత్తి చేత ఖగోళ శాస్త్రజ్ఞుడు. ఇస్ఫహాను వేధశాలలో పనిచేసి 1079లో అమలైన జలాలీ పంచాంగ నిర్మాణంలో పాల్గొన్నవాడు. పానశాల కవిగా లోకం ఎరిగిన ఆ మహనీయుడు ఎన్ని రాత్రులు వేధశాలలో నక్షత్రాలు లెక్కించి ఉంటాడో!

మనకు దగ్గరి సాక్ష్యం కావాలంటే విజయనగరం చాలు. గురజాడవారి ‘కన్యాశుల్కం’లో సారాదుకాణం రంగం ఉన్నది. బైరాగి, హవల్దారు మొదలైనవారు కూడి తాగుతూ తత్త్వం మాట్లాడే ఆ రంగాన్ని తరగతిలో చెప్పేటప్పుడు పిల్లలు పగలబడి నవ్వుతారు. నవ్వు సద్దుమణిగిన తరువాత ఒక సంగతి చెబుతుంటాను. పగటివేళ ఒక పంక్తిని కూర్చోని మనుషులు అక్కడ ఒక చోట కూర్చున్నారు. గురజాడ తాగుడును మెచ్చుకోలేదు. ఆ కూడికను మాత్రం చూడకుండా వదలలేదు.

రాత్రి కూడికకు మద్యమే కావాలా? కానక్కరలేదనడానికి కాఫీ చరిత్రే నిదర్శనం. పదిహేనవ శతాబ్దంలో యెమెను దేశపు సూఫీలు రాత్రి జిక్రులో నిద్ర రాకుండ ఉండడానికి కాఫీ తాగేవారు. ఆ పానీయం మక్కా చేరి, జనం గుంపులుగా కూర్చొని తాగడం మొదలయ్యేసరికి అక్కడి అధికారి ఖాయిర్ బేగ్ 1511లో దానిని నిషేధించాడు. పై ప్రభువులున్న కైరో ఆ నిషేధాన్ని నిలువనివ్వలేదు. లండనులో రెండవ చార్లెస్ రాజు 1675 డిసెంబరులో కాఫీ దుకాణాలు మూసివేయాలని ఫర్మానా జారీచేసి, గగ్గోలు పుట్టగానే కొద్ది రోజులలో వెనక్కి తీసుకున్నాడు. ఇందులో చిత్రమేమిటంటే కాఫీ మత్తు కలిగించదు. అయినా పాలకులు వెరచారు. వారు వెరచినది పానీయానికి కాదు, దాని చుట్టూ కూర్చొని రాజ్యం సంగతులు మాట్లాడుకునే నోళ్ళకు. హైదరాబాదు ఇరానీ హోటళ్ళు ఆ సంతతివే. ఆబిడ్సులో ఒకప్పుడు ఉండిన ఓరియంట్ హోటలులో మఖ్దూం మొహియుద్దీన్ మొదలు ఎందరు కవులు, పత్రికలవారు, రాజకీయ కార్యకర్తలు చాయ్ కప్పు ముందు పెట్టుకొని గంటలు గడిపారో పాతవారు కథలుగా చెబుతారు. ఒక కప్పు చాయ్ కొన్నవానిని లేచిపొమ్మనని హోటలు యజమాని ఆ తరానికి చేసిన సేవను ఏ విశ్వవిద్యాలయమూ చేయలేదంటే అతిశయోక్తి కాబోదు.

ఆ కాఫీగింజ బాబా బుడన్ అనే సూఫీ ద్వారా పదిహేడవ శతాబ్దంలో కర్ణాటక కొండలకు వచ్చిందని ప్రతీతి. ఈనాడు మన తూర్పు కనుమలలో గిరిజన రైతులు పండించే అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. అంతకు రెండేళ్ళ ముందే పారిస్ నగరంలో అరకు పేరిట ఒక కాఫీ దుకాణం తెరిచారు. పారిస్ యువకులు సాయంకాలం అరకు కాఫీ తాగుతూ కబుర్లాడుకుంటారు. ఆ కొండల అంచున ఉన్న సాలూరు యువకుడు సాయంకాలం ఎక్కడ కూర్చుంటాడు?

ఈ ప్రశ్నను ఊరంతా తిరిగి అడిగి చూశాను. చీకటి పడిన తరువాత మన పట్టణంలో వెలుగు ఉన్న చోట్లు ఏవి? జాతీయ రహదారి ప్రక్కన లారీలు ఆగే దాబాలు, టీ కొట్లు. లారీలకు బాడీలు కట్టే షెడ్లలో వెల్డింగు మెరుపులు. మందుల దుకాణాలు. మద్యం దుకాణం. గ్రంథాలయం దీపాలు పెట్టిన కొద్దిసేపటికే మూతపడుతుంది. మసీదులో ఇషా నమాజు తరువాత ఎవరి ఇంటికి వారు వెళ్ళవలసిందే, దేవాలయమూ అంతే. ఆటస్థలంలో దీపం లేదు. వేగావతి ఒడ్డున కూర్చుందామంటే అక్కడికి మనకంటె ముందుగా ఖాళీ సీసాలు చేరుకున్నాయి. ఇక ఆడపిల్లల మాట అడగనే వద్దు. వారికి రాత్రి అనేది ఇంటి గోడల లోపల మాత్రమే ఉన్నది. ఇట్టి ఊరి నుండి వెళ్ళిన పిల్ల నగరంలో ఒక మేడమీద గాలి పీల్చుకుంటూ కూర్చుంటే నేను ఏ ముఖంతో మందలించాలి?

ఇదే ఊరు, ఇదే సీమ, పూర్వం ఇంత మూగది కాదు. అజ్జాడలో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు గారు కాలికి గజ్జె కట్టి హరికథ చెబితే జనం రాత్రి సంగతి మరచి కూర్చునేవారట. 1919లో విజయనగరంలో వెలసిన సంగీత పాఠశాలకు ఆయనే తొలి అధ్యక్షులు. ఆ విద్యాలయంలో ఘంటసాలకు సంగీతం చెప్పిన పట్రాయని సీతారామశాస్త్రి గారు ‘సాలూరు చిన గురువుగారు’గా ప్రసిద్ధులు. సినీ సంగీతంలో చిరస్థాయిగా నిలిచిన సాలూరి రాజేశ్వరరావు 1922లో మన సాలూరు ప్రక్కనున్న శివరామపురంలో పుట్టారు. పబ్బులో ఆ రాత్రి గుండెలదరగొట్టిన పాటల నడుమ ఒక పాత పాట వరుసను ఎవరో విరిచి, వేగం పెంచి వాయించారు. నాలుగు క్షణాలు ఆలోచించిన తరువాత అది రాజేశ్వరరావు గారి బాణీ అని గుర్తుపట్టాను. మన ఊరి పాట అక్కడ టిక్కెట్టు మీద దొరుకుతున్నది. విజయనగరంలో ఖాదర్ వలీ బాబా ఉరుసు నాడు ఖవ్వాలీ వినడానికి మతభేదం లేకుండ జనం వస్తారు. అది ఏడాదికి ఒకసారి వచ్చే పండుగ; వారానికి ఒక రాత్రి కావాలన్న కుర్రవానికి అది చాలదు.

ఇంకా పైకి, కొండ మీదికి పోతే మరొక పాఠం ఉన్నది. పాచిపెంట వైపు కొండ గ్రామాల నుండి మన కళాశాలకు వచ్చే విద్యార్థులు ఈ పాఠం నాకంటె బాగా ఎరుగుదురు. జీలుగు చెట్టు కల్లు అక్కడ పండుగకూ, పెళ్ళికీ, కొత్త చుట్టరికానికీ ఉన్నదే. చైత్రమాసపు పండుగ రాత్రులలో డప్పు, తుడుం, మోరి మ్రోగుతుంటే స్త్రీలు ఒకరి వెనుక ఒకరు చేతులు పెనవేసుకొని ధింసా ఆడతారు. ముసలివారు, చంటిపిల్లలు, కోడళ్ళు, అత్తలు అందరూ ఆ వెలుగులోనే ఉంటారు. తాగినవాడు తూలితే పట్టుకోవడానికి మేనమామ ప్రక్కనే ఉంటాడు. ఆ రాత్రికి టిక్కెట్టు లేదు, యజమాని లేడు. దానిని స్వర్గమని నేను అనడం లేదు. సారా వల్ల కొండవారు పోగొట్టుకున్న భూములు, పడిన అప్పులు, చితికిన కాపురాలు తక్కువేమీ కావు. అయితే అందులో అధిక భాగం కల్లు వ్యాపారంగా మారిన తరువాతి కథ. 1878లో మద్రాసు ప్రభుత్వం అబ్కారీ నిబంధనలు బిగించి, గిరిజనులు తమ ఇంటి కొరకు గీసుకునే కల్లు మీద కూడ పన్ను విధించే దారి తెరిచింది. మరుసటి సంవత్సరం గోదావరి మన్యంలో చెలరేగిన రంప పితూరీకి అది ఒక ముఖ్య కారణం. చెట్టు తమది, కుండ తమది, రాత్రి తమది అయినచోట గుత్తేదారు వచ్చి కూర్చున్నాడు. 1996లో పార్లమెంటు చేసిన పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాలలో మత్తు పదార్థాల అమ్మకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకూ పంచాయతీకీ ఉండాలన్నది. అనగా ఊరి రాత్రి మీద ఊరికే హక్కు ఉండాలని చట్టమే అంగీకరించింది. కాగితం మీద అంగీకరించిందని సవరించుకుంటాను.

కొండ మీది ధింసా రాత్రికీ నగరంలోని పబ్బు రాత్రికీ నేను చూచిన ప్రధాన భేదం ఇదే. రెండింటా పాట ఉన్నది, ఆట ఉన్నది, పానం ఉన్నది. ఒకచోట కూడిక కొరకు పానం. మరొకచోట పానం అమ్ముడుపోవడం కొరకు కూడిక. పాట హోరు పెరిగితే మాట సాగదు. మాట సాగకపోతే చేయి గ్లాసు మీదికి పోతుంది. ఆడపిల్లలకు ఒక రాత్రి ఉచితమని ప్రకటించేది వారి మీద గౌరవంతో కాదు, వారిని చూచి వచ్చే మగవారి జేబుల కొరకు. ఇది నేను చెప్పేది కాదు, అక్కడ పనిచేసే మన విద్యార్థి చెప్పినది. ప్రభుత్వాల సంగతీ దీనికి భిన్నం కాదు. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు ప్రారంభించిన సారా వ్యతిరేక ఉద్యమం ఫలితంగా 1993లో సారా, 1995 జనవరిలో సంపూర్ణంగా మద్యం నిషేధించబడ్డాయి. రెండేళ్ళు గడిచీ గడవకముందే, 1997లో, ఖజానా కటకటలాడుతున్నదంటూ నిషేధాన్ని సడలించారు. తాగేవాడి అలవాటు కంటె తాగించేవాడి అలవాటు మానడం కష్టమని అప్పుడే తేలింది.

ఈ పానశాలలను ఎదిరించేవారిలో రెండు తెగలవారు ఉన్నారు. రాత్రి నిద్రకు నోచుకోని పొరుగువారు ఒక తెగ. వారి మొర న్యాయమైనది. నివాస ప్రాంతాలలో రాత్రి పది దాటితే శబ్దం 45 డెసిబెల్సు మించరాదని 2000 సంవత్సరపు నిబంధనలు చెబుతున్నాయి. 2022 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు జూబ్లీహిల్స్ నివాసుల బాధ విని, రాత్రి పది తరువాత పబ్బులలో సంగీతం వినిపించరాదని మధ్యంతర ఉత్తర్వులు ఇచ్చింది. రెండవ తెగవారు నీతి పేరిట కర్రలు పట్టుకునేవారు. 2009 జనవరిలో మంగుళూరులో ఒక పబ్బులోకి చొరబడి ఆడపిల్లలను జుట్టు పట్టి ఈడ్చి కొట్టారు. దేశమంతా ఆ దృశ్యం చూసింది. 2018లో న్యాయస్థానం తగిన సాక్ష్యం లేదని నిందితులను విడిచిపెట్టింది. మద్యం తప్పని నమ్మేవాణ్ణి నేను. అయినా ఆ కర్ర నా పక్షాన లేచిందని ఎన్నడూ అనుకోను. పిల్లను కొట్టిన చేయి సంస్కర్తది కాదు.

మేడ అన్నందుకు మరొక మాట. 2017 డిసెంబరు 29న, అర్ధరాత్రి దాటిన తరువాత, బొంబాయి కమలా మిల్సు ఆవరణలోని మేడమీది పానశాలలో మంటలు చెలరేగి 14 మంది మరణించారు. పుట్టినరోజు జరుపుకోవడానికి వచ్చిన యువతి కూడ వారిలో ఉన్నది. మంట త్వరగా అంటుకునే పైకప్పు, బయటికి పోవడానికి చాలని దారులు ఇందుకు కారణాలని చదివాను. విశాఖలో నేను ఎక్కిన మేడకు అతిథులకొక దారి, పనివారికొక దారి ఉన్నాయి. పనివారి దారిలో సగం గ్యాసు సిలిండర్లు, సగం సీసాల పెట్టెలు. ఆ మాట మన విద్యార్థికి చెప్పి, ఏదైనా జరిగితే ముందుగా ఎటు పరుగెత్తాలో చూచుకొమ్మన్నాను. అతని ప్రశ్నకు నేను ఇచ్చిన జవాబు చివరకు అదొక్కటే.

ఇక మన మేడ సంగతి. అయిదారు సంవత్సరాల క్రితం సాయంకాలాలు కొందరు విద్యార్థులు మన కళాశాల మేడపైకి చేరేవారు. ఒకడు ఘంటసాల పద్యాలు పాడేవాడు, ఒకడు గజలు చదివేవాడు, ఒకడు డబ్బా మీద దరువు వేసేవాడు. ఏనాడూ సిగరెట్టు పీక కూడ అక్కడ దొరికినట్లు నేను వినలేదు. అయితే రాత్రి ఏడు దాటిన తరువాత పాటలేమిటని ఎవరో ఫిర్యాదు చేశారు. కమిటీ సమావేశంలో చర్చ అయిదు నిమిషాలు కూడ సాగలేదు. సాయంకాలం ఆరు తరువాత మేడ ఎక్కిన విద్యార్థులపై చర్య తీసుకోబడునని నోటీసు అంటించి తలుపుకు తాళం వేశారు. ఆ నోటీసు వ్రాసినది నేనే. అందమైన దస్తూరీతో, భాషాదోషం ఒక్కటీ లేకుండ వ్రాశాను. డబ్బా మీద దరువు వేసినవాడే ఇప్పుడు విశాఖలో పళ్ళెం మోస్తున్నాడు. మేడకు తాళం వేసినందువల్లనే అతడు అక్కడికి చేరాడని నేను అనడం లేదు. బ్రతుకుతెరువు అతనిని తీసుకువెళ్ళింది. కాని నీళ్ళ ట్యాంకు ప్రక్కన అతడు అన్న మాటకు నాకు నవ్వు ఎందుకు రాలేదో పాఠకులు గ్రహించగలరు.

కనుక కమిటీ పెద్దలకు ఒక మనవి. వారానికి రెండు సాయంకాలాలు, మగ్రిబు నమాజు అయినప్పటి నుండి రాత్రి తొమ్మిదిన్నర వరకు, మేడ తెరవండి. నాలుగు దీపాలు, కొన్ని చాపలు చాలు. గిరిజన సహకార సంస్థ వారి అరకు కాఫీ పొడి తెచ్చి మన క్యాంటీనులోనే కాచి అసలు ధరకు ఇవ్వవచ్చు. మైకు వద్దు, మైకు లేకుండ పాడలేనివాడు మేడ దిగి పాడుకోవచ్చు. ఒక వారం ముషాయరా, ఒక వారం పద్యపఠనం. కొండ గ్రామాల పిల్లలు ఇష్టపడితే ధింసా మనకు నేర్పుతారు. వేదిక మీద వినోదంగా కాదు, మనమూ ఆ వరుసలో నిలబడి నేర్చుకోవాలి. మబ్బు లేని రాత్రి భౌతికశాస్త్ర విభాగం వారు దూరదర్శిని పైకి తెచ్చి ఖయ్యాం చూచిన నక్షత్రాలను చూపవచ్చు. ఏ కార్యక్రమమూ లేని సాయంకాలాలు కూడ ఉండాలి. ఊరికే కూర్చునే స్వేచ్ఛకే గదా నగరంలో అంత వెల.

రెండు ఆక్షేపణలు వస్తాయని ఎరుగుదును. మొదటిది ప్రమాదం. పిట్టగోడ మోకాటి ఎత్తుకు మించి లేదన్నది నిజమే. దానిని ఛాతీ ఎత్తుకు లేపించాలి. తూర్పువైపు మూసివేసిన రెండవ మెట్లదారిని తెరవాలి. మేడపైన టార్పాలిను, తాటాకు పందిరి వంటివేవీ వేయరాదు. ఇందుకు అయ్యే ఖర్చు వార్షికోత్సవంలో పూలదండలకూ, ఫ్లెక్సీలకూ పెడుతున్న దానికంటె ఎక్కువ కాదని లెక్కవేసి చూశాను. రెండవ ఆక్షేపణ ఆడపిల్లలను గూర్చి. వారిని మినహాయించి మేడ తెరుద్దామని కొందరు పెద్దలు ఇప్పటికే నాతో మృదువుగా అన్నారు. అంతకంటె తాళం అట్లే ఉంచడం మేలు. సాలూరులో మగపిల్లలకు కూర్చోవడానికి టీ కొట్టు అరుగైనా ఉన్నది. ఆడపిల్లలకు అదీ లేదు. ఇద్దరు మహిళా అధ్యాపకులు వంతులవారీగా ఉండడానికి అంగీకరించారు. ఇంటికి చేర్చడానికి కళాశాల బస్సు ఆ రెండు రోజులు ఒక విడత ఎక్కువ తిరిగితే సరిపోతుంది. తలిదండ్రులకు ముందుగా ఉత్తరాలు వ్రాయాలి. ఆ ఉత్తరాలు ఉర్దూలోనూ తెలుగులోనూ వ్రాసే పని నాది.

ఈ వ్యాసం అచ్చయి మీ చేతికి వచ్చే నాటికి కమిటీ వార్షిక సమావేశం జరగవలసి ఉంటుంది. మేడ తలుపు తాళంచెవి ఆఫీసు గదిలో, హాజరు పట్టీల బీరువా ప్రక్క మేకుకు ఇప్పటికీ వ్రేలాడుతున్నది. నోటీసు కాగితం పసుపుబారింది గాని చిరగలేదు. అనుమతి లభిస్తే దానిని తీసివేసే పని కూడ, వ్రాసినవాణ్ణి కనుక, నాకే అప్పగించవలసిందిగా కోరుతున్నాను.